పన్ను కట్టే ముందు ఇల్లు కొలుచుకుందాం

2024లో రంజాన్ మాసం మార్చి 12న ఆరంభమైంది, 2025లో మార్చి 2న. ఆర్థిక సంవత్సరం ముగిసేదీ ఆ నెలలోనే. అందువల్ల ఈ మధ్య కాలంలో మన ఇళ్ల గడపల మీద రెండు రకాల రాకపోకలు ఒకేసారి సాగాయి. ఒకవైపు సహరీ, ఇఫ్తార్ ఏర్పాట్లు, జకాత్ లెక్కలు. మరొకవైపు పుస్తకం, చేతి మిషను పట్టుకుని ఇంటింటికీ తిరిగే పన్ను వసూలు సిబ్బంది. జకాత్ లెక్క వేసేటప్పుడు మనం తులాల బంగారాన్ని, తీరని అప్పును, చేతిలో ఉన్న రొక్కాన్ని పైసా తేడా రాకుండా కూడి తీసివేస్తాం. అదే వారంలో ఇంటి పన్ను బిల్లు వస్తే మాత్రం అంకె చూసి నిట్టూర్చి, కట్టగలిగితే కట్టేస్తాం, కట్టలేకపోతే బిల్లును ఖురాన్ గూడు పక్కనున్న డబ్బాలో మడిచి పెట్టేస్తాం. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగే ఇల్లు పదింటిలో ఒకటైనా ఉంటుందని మాకు తోచదు.

మేము ఉండేది కొండగట్టు కింద. ఆంజనేయస్వామి గుట్ట పేరు తెలియని వారు తెలుగునాట అరుదు. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే బస్సులో మంగళవారం, శనివారం నిలబడేందుకైనా చోటు దొరకదు. ఆ రోడ్డు మీద టైరు పంక్చర్లు అతికే మనవాళ్లు, ఆటోలు నడిపే మనవాళ్లు, కుట్టు మిషను మీద బతికే మన ఇంటి ఆడవాళ్లు కూడా ఆ రద్దీ మీదే ఆధారపడి ఉన్నారు. 2022 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి ఈ క్షేత్రానికి 100 కోట్ల రూపాయలు ప్రకటించారు, 2023 ఫిబ్రవరిలో స్వయంగా వచ్చి మరో 500 కోట్లు అన్నారు. ఆ మాట వినబడగానే రోడ్డు పక్క గజం ధర ఎంత పలుకుతుందన్న చర్చ హోటళ్లలో మొదలైంది. అమ్ముకునే వాడికి అది శుభవార్త. అమ్ముకోకుండా, తాత కట్టిన రెండు గదుల ఇంట్లోనే చివరి దాకా ఉండదలచిన వాడికి మాత్రం ఒక ప్రశ్న మిగులుతుంది. ఇంటి విలువ కాగితం మీద పెరిగితే పన్ను కూడా పెరగవలసిందేనా? సంపాదన పెరగని చోట విలువ పెరగడం వల్ల వచ్చేది లాభమా, భారమా?

ఈ ప్రశ్న మన ఒక్కరిది కాదు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి, పట్టణాలలో ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద లెక్కించే పద్ధతికి మార్చింది. ఒక్కసారిగా మీద పడకుండా ఏటా 15 శాతానికి మించి పెంచబోమని హద్దు పెట్టినా, వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపిన వారు తక్కువేమీ కాదు. మన వైపు ఆ మార్పు ఆ రూపంలో రాలేదు. అయినా పద్ధతి ఏదైనా, దాని అడుగున ఉండే కొలత తప్పయితే పైన కట్టిన లెక్కంతా తప్పే. మేము చెప్పదలచినది ఆ కొలత గురించే.

గత సంవత్సరం మా ఖాలా ఇంటి బిల్లుతో మాకు ఈ సంగతి తెలిసివచ్చింది. ఆమె ఉండేది ఒక పట్టణంలో, మసీదు వెనుక సందులో. ఆ పట్టణం పేరు, ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. ఎందుకంటే ఇటువంటి పొరపాటు ఏ ఊళ్లోనైనా జరగవచ్చు. బిల్లు 3,860 రూపాయలు. పక్కింటివారిది, దాదాపు అంతే ఇల్లు, 2,000 దాటలేదు. ఆమెను అడిగితే, "పోయి అడిగితే ఇంకా పెంచుతరు బేటా, ఊకో" అన్నది. మన మొహల్లాలలో ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. కచేరీకి వెళ్తే ఏదో ఒక కాగితం తక్కువ ఉందంటారు, పేరులో అక్షరం తేడా ఉందంటారు, అనుమతి ఏదని అడుగుతారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. కానీ ఆ భయం ఖరీదు ఆమెకు ఏటా పదిహేను వందల రూపాయలకు పైగా పడుతోందని ఆమెకు తెలియదు.

మేము టేపు పట్టుకుని ఇల్లు కొలిచాం. కప్పు ఉన్న భాగం 620 చదరపు అడుగులు వచ్చింది. కార్యాలయంలో ఉన్న నమోదులో 890 ఉంది. ఆ 270 అడుగులు ఎక్కడివి? నడిమి వాకిలి. పైన ఆకాశం తప్ప ఏమీ లేని, జామచెట్టు ఉన్న, పెళ్లిళ్లకు దేగ్ పెట్టే ఆ వాకిలిని కూడా కట్టడంగా రాశారు. రెండవ తప్పు ముందు గది. మా ఖాలూ బతికి ఉన్న రోజుల్లో అందులో దర్జీ దుకాణం నడిచేది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. షట్టరు తీసి కిటికీ పెట్టి, ఆ గదిలో మనవరాలు చదువుకుంటోంది. నమోదులో అది నేటికీ వాణిజ్య కట్టడమే. మూడవది ఇంటి వయసు. 1981లో కట్టిన ఇంటికి 2004 అని రాసి ఉంది. ఆ ఏడాది వంటింటి మీద రేకులు తీసి స్లాబు వేశారు. బహుశా ఆ సందర్భంలో వచ్చిన వారు ఇల్లంతా కొత్తదనుకున్నారు. వీటిలో ఏదీ కుట్ర కాదు. ఎండలో ఇరవై ఇళ్లు తిరిగిన మనిషి ఇరవై ఒకటో ఇంటి దగ్గర గేటు బయట నిలబడి రాసుకున్న అంకెలు ఇలాగే ఉంటాయి. లోపల పర్దా పాటించే ఆడవాళ్లు ఉన్నారని గౌరవంతో లోపలికి రాకుండానే వెళ్లినవారూ ఉంటారు. ఆ గౌరవానికి మనం కృతజ్ఞులమే, కానీ ఆ కొలతకు కాదు.

ఈ చిన్న తప్పులు పన్నులోకి ఎలా ప్రవహిస్తాయో తెలియాలంటే లెక్క తీరు తెలియాలి. మన పట్టణాలలో ఇంటి పన్నుకు చాలాకాలంగా ఆధారం వార్షిక అద్దె విలువ. అంటే మీరు నిజంగా అద్దెకు ఇచ్చారా లేదా అన్నది కాదు, ఇస్తే ఎంత రావచ్చునన్న అంచనా. పట్టణాన్ని మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలంలో ఒక్కొక్క రకం కట్టడానికి నెలకు ఇంత అని ధర నిర్ణయిస్తారు. స్లాబు ఇంటికి ఒక ధర, రేకులకు, పెంకుటింటికి వేరు ధర. నివాసానికి ఒకటి, దుకాణానికి అంతకంటె ఎక్కువ. ఆ ధరను మీ కట్టడపు వైశాల్యంతో, 12 నెలలతో గుణిస్తారు. దాని నుంచి ఇంటి వయసును బట్టి తగ్గిస్తారు. ఉమ్మడి రాష్ట్రపు 1965 మునిసిపాలిటీల చట్టం ప్రకారం 25 ఏళ్లలోపు ఇంటికి 10 శాతం, 25 దాటి 40 లోపు అయితే 20 శాతం, 40 దాటితే 30 శాతం. మిగిలిన దాని మీద పన్ను శాతం. ఆ పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను. (ఈ 8 పైసలు మనం కూడా కడుతున్నాం. మన ఊరి గ్రంథాలయంలో ఒక్క ఉర్దూ పత్రికైనా వస్తోందా అని ఎప్పుడైనా చూశామా? అది మరో వ్యాసానికి విషయం.)

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ధర చదరపు అడుగుకు నెలకు 1 రూపాయి, పన్ను 20 శాతం అనుకుందాం. ఇవి అర్థం కావడానికి తీసుకున్న అంకెలు మాత్రమే, మీ ఊరివి వేరుగా ఉంటాయి. 600 అడుగుల ఇల్లు, 40 ఏళ్లు దాటింది. నెలకు 600, ఏడాదికి 7,200. అందులో 30 శాతం తీసేస్తే 5,040. దాని మీద 20 శాతం 1,008. గ్రంథాలయ పన్ను కలిపితే దాదాపు 1,089 రూపాయలు. ఇప్పుడు అదే ఇంటిని వాకిలితో కలిపి 900 అడుగులని, కొత్త ఇల్లని రాశారనుకోండి. ఏడాదికి 10,800. వయసుకు తగ్గింపు 10 శాతమే, కనుక 9,720. పన్ను 1,944. గ్రంథాలయంతో కలిపి దాదాపు 2,100. రెండు చిన్న పొరపాట్లు కలిసి పన్నును ఇంచుమించు రెట్టింపు చేశాయి. ఎవరూ ధర పెంచలేదు, ఏ సభా తీర్మానమూ చేయలేదు. ముందు గదిని దుకాణంగా రాసి ఉంటే ఇంకా ఎంత పెరిగేదో మీరే ఊహించుకోవచ్చు.

కొలతల విషయంలో మరో చిక్కు ఉంది. మన పెద్దలు గజాల్లో మాట్లాడతారు, మేస్త్రీలు అడుగుల్లో, కాగితాలు కొన్నిసార్లు మీటర్లలో ఉంటాయి. చదరపు గజం అంటే 9 చదరపు అడుగులు. చదరపు మీటరు అంటే సుమారు 10.76 చదరపు అడుగులు. స్థలం వైశాల్యం వేరు, కట్టడం వైశాల్యం వేరు. దస్తావేజులో ఉన్న 110 గజాల స్థలాన్ని చూసి అంత మేరా ఇల్లే అనుకునే పొరపాటు కూడా మేము చూశాం. కొన్నేళ్ల కిందట మన రాష్ట్రపు మునిసిపాలిటీలలో ఇస్రోవారి భువన్ చిత్రాల సాయంతో ఇళ్లను గుర్తించి నమోదు చేసే పని సాగింది. పై నుంచి చూసే కంటికి కప్పు కనబడుతుంది. ఆ కప్పు రేకులదో స్లాబుదో, కింద కాపురం ఉందో మేకలున్నాయో కనబడదు. దాన్ని చెప్పవలసినది కింద ఉన్న మనమే.

గ్రామాలలో దారి కొంత వేరు. కొండగట్టు ఉన్నది మల్యాల మండలం ముత్యంపేటలో. ఇక్కడ పన్ను గ్రామపంచాయతీది, చట్టం 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం. ఇంటి పన్నును అద్దె విలువ మీద గానీ, మూలధన విలువ మీద గానీ కట్టవచ్చు. మూలధన విలువ పద్ధతి ఉన్న చోట మేము పైన చెప్పిన గజం ధర ప్రశ్న నేరుగా ఇంట్లోకి వస్తుంది. రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ విలువలను 2021 జూలైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరోసారి పెంచారు. పంచాయతీ కార్యదర్శి దగ్గర డిమాండ్ రిజిస్టరు ఉంటుంది. మీ ఇంటి నంబరు ఎదుట ఏమి రాసి ఉందో చూపమని అడగడం దబాయింపు కాదు. చూపకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి చేసే దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఒక తెల్ల కాగితం మీద, మా ఇంటి కొలతలు, కట్టడం రకం, వినియోగం, వయసు, లెక్కించిన తీరు తెలిపే నమోదు నకలు ఇవ్వండి అని రాస్తే చాలు.

ఊళ్లు పట్టణాలైన చోట మరింత జాగ్రత్త అవసరం. 2018 ఆగస్టులో మన రాష్ట్రంలో అనేక గ్రామాలు మునిసిపాలిటీలయ్యాయి. మన జిల్లాలో రాయికల్, ధర్మపురి అలా మారినవే. నిన్నటి దాకా పంచాయతీ పుస్తకంలో ఉన్న ఇల్లు మరునాడు పురపాలక పుస్తకంలోకి వెళ్లింది. అలా బదిలీ అయిన అంకెలను ఎవరైనా తిరిగి చూశారా లేదా అన్నది ఇంటివారే తేల్చుకోవాలి.

2019 పురపాలక చట్టం మన బస్తీలకు ముఖ్యమైన ఒక మాట చెప్పింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో నేల అంతస్తు గానీ, దానిపై మరొక అంతస్తు గానీ కట్టుకునే నిరుపేద ఇంటికి అనుమతి అవసరం లేదు. 1 రూపాయితో నమోదు చేసుకుంటే చాలు, ఏడాదికి పన్ను 100 రూపాయలు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, భైంసా, ఆదిలాబాద్ పాత మొహల్లాలలో అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన మన ఇళ్లు ఎన్ని 75 గజాలు దాటుతాయి? ఆ నిబంధన తమ ఇంటికి వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడిగిన కుటుంబాలు ఎన్ని? మౌఖికంగా అడిగితే మౌఖికంగానే జవాబు వస్తుంది. కాగితం మీద అడిగితే కాగితం మీద చెప్పవలసి వస్తుంది.

అదే చట్టంలో మరో వైపూ ఉంది. పన్నును యజమానే స్వయంగా లెక్కించి ప్రకటించవచ్చు, కానీ తప్పుడు వివరాలిస్తే 25 రెట్ల జరిమానా. అనుమతి లేని కట్టడం మీద పన్నుకు తోడు వంద శాతం దాకా అపరాధపు పన్ను పడుతుంది, అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు. పన్ను రసీదు యాజమాన్య పత్రమూ కాదు. ఈ మూడు సంగతులు తెలియక మోసపోయిన వారు మనలో ఉన్నారు. ఇరవై ఏళ్లు పన్ను కట్టాం కదా, ఇల్లు మాదే కదా అని ధీమాగా ఉండి, తీరా వారసత్వం పంచుకునే వేళ దస్తావేజు లేదని తెలిసి కూలబడిన వారిని చూశాం. అలాగని రసీదుకు విలువ లేదనడం లేదు. ఫలానా ఏట ఫలానా చోట మనం నివసించామని చెప్పే నిదర్శనం అది. 2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చి, ఆస్తుల వివరాలను ఆరు నెలల్లో ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించవలసి వచ్చినప్పుడు, మసీదు కమిటీల పెద్దలు ట్రంకు పెట్టెలు తిరగేసి పాత కాగితాల కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఒక్కొక్క పాత రసీదు ఎంత బరువైనదో ఆ నెలల్లో తెలిసింది.

మసీదుల మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. బహిరంగ ప్రార్థనకు కేటాయించి, అందుకే వాడుతున్న స్థలానికి, ఖబరస్తానుకు, శ్మశానానికి పురపాలక చట్టంలో ఆస్తి పన్ను మినహాయింపు ఉంది. ఈ విషయంలో ఆలయానికీ మసీదుకూ ఒకటే నియమం. అయితే మసీదు గోడను ఆనుకుని కిరాయికి ఇచ్చిన మడిగెలకు ఆ మినహాయింపు వర్తించదు. కొన్నిచోట్ల మడిగెలతో పాటు నమాజు హాలును కూడా కలిపి ఒకే నంబరు కింద పన్ను వేస్తారు. మరికొన్ని చోట్ల కమిటీవారే మడిగెలను మసీదు పేరున దాచి అసలు పన్నే కట్టరు. మొదటిది కార్యాలయం పొరపాటు. రెండవది మనది. మొదటిదాన్ని సరిచేయమని అడిగే నోరు ఉండాలంటే రెండవదాన్ని ముందుగా సరిచేసుకోవాలి.

పన్ను ఎక్కువని తోస్తే కట్టకుండా కూర్చోవడం ఉపాయమని మనలో చాలామంది నమ్మకం. అది ఉపాయం కాదు. పట్టణాలలో గడువు దాటిన పన్ను మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు అప్పు తీసుకోవడానికి సూద్ అని వెనుకాడే ఇంటిలోనే, ఏ ఆలోచనా లేకుండా ఇంటి పన్ను మీద ఏడాదికి 24 శాతం వడ్డీ పేరుకుపోతూ ఉంటుంది. బకాయి వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తామని ప్రభుత్వం అప్పుడప్పుడు ఒకేసారి పరిష్కార పథకాలు ప్రకటించిన మాట నిజమే. కానీ అది ప్రభుత్వం దయతలచిన రోజున మాత్రమే. అసలు కొలతే తప్పయితే, వడ్డీ మాఫీ అయినా తప్పుడు అసలు కట్టవలసిందే కదా. మరోవైపు ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను కట్టేవారికి పట్టణాలలో 5 శాతం రాయితీ ఇస్తున్నారు. అందువల్ల మా సలహా ఇది. కట్టగలిగినవారు గడువులోపు కట్టండి, అభ్యంతరంతో కడుతున్నామని రాతపూర్వకంగా తెలపండి, సవరణ కోసం అర్జీ విడిగా పెట్టండి. నోటీసులో గడువు రాసి ఉంటే దాన్ని దాటనివ్వకండి.

అర్జీ మొదట వెళ్లవలసినది పట్టణంలో కమిషనరుకు, గ్రామంలో కార్యదర్శికి. అక్కడ కదలకపోతే గ్రామం వారికి మండల పంచాయతీ అధికారి, ఆపై జిల్లా పంచాయతీ అధికారి ఉన్నారు. ప్రతి సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి జరుగుతుంది. ఏ అర్జీ ఇచ్చినా ఒక నకలు మీద ముద్ర వేయించుకుని, తేదీ రాయించుకుని ఇంట్లో భద్రపరచండి. అర్జీకి జత చేయవలసినవి ఎక్కువేమీ లేవు. చేతితో గీసిన ఇంటి పటం, అందులో గది గదికీ పొడవు వెడల్పులు, ముందు వెనుక తీసిన ఫోటోలు, ఇంటి వయసు తెలిపే పాత కరెంటు బిల్లో దస్తావేజో, చివరిగా కట్టిన పన్ను రసీదు.

ఒక్క ఇల్లు అడిగితే విసుక్కునే బల్ల ముందు, ఒక వీధి అడిగితే వినక తప్పదు. ఈ సంగతికి మన దగ్గరే పాత నిదర్శనం ఉంది. గుంటూరు పట్టణంలో పన్ను కట్టేవారు ఒక సంఘంగా ఏర్పడి, తమ ఇళ్ల వార్షిక విలువను మునిసిపాలిటీ కట్టిన తీరును సవాలు చేశారు. అద్దెల నియంత్రణ చట్టం అనుమతించే న్యాయమైన అద్దెను మించి ఊహించి పన్ను వేయడం కుదరదన్నది వారి వాదన. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1970లో న్యాయస్థానం వారి పక్షాన నిలిచింది. న్యాయమైన అద్దెను అధికారి ఇంకా నిర్ణయించి ఉండకపోయినా సరే, పన్ను కట్టేటప్పుడు ఆ చట్టపు కొలబద్దను పక్కన పెట్టరాదన్నది. అప్పటి చట్టం వేరు, ఇప్పటి లెక్క తీరు వేరు, కనుక ఆ తీర్పును నేటి బిల్లుకు యథాతథంగా అతికించలేం. కానీ ఒక తెలుగు పట్టణంలోని మామూలు ఇంటి యజమానులు లెక్క చూపమని అడిగి, దేశమంతటా ఉదహరించే తీర్పు తెచ్చుకున్నారు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. లేని గదికి వేసిన పన్నుకు ఏ చట్టం అధికారం ఇచ్చింది?

ప్రభుత్వాన్ని కూడా మేము రెండు విషయాలు అడుగుతున్నాం. బిల్లు మీద మొత్తం కనబడుతుంది, బకాయి కనబడుతుంది, వడ్డీ కనబడుతుంది. లెక్క కనబడదు. వైశాల్యం, కట్టడం రకం, వినియోగం, వయసు, ధర అనే అయిదు అంకెలు బిల్లు వెనుక అచ్చు వేయడానికి ఖర్చెంత? సగం వివాదాలు అక్కడే తీరిపోతాయి. రెండవది భాష. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు. ఆ సంతోషంలో మిఠాయిలు పంచుకున్నాం. మా ఖాలాకు ఉర్దూ తప్ప మరో లిపి రాదు. ఆమె గడపకు నేటి వరకు ఒక్క ఉర్దూ నోటీసు కూడా రాలేదు. అర్థం కాని భాషలో అర్థం కాని లెక్క ఇచ్చి, గడువులోపు అభ్యంతరం చెప్పలేదు కనుక అంగీకరించినట్లే అనడం ఏ న్యాయం?

మసీదు కమిటీలు, యువజన సంఘాలు తలచుకుంటే ఇది పెద్ద పని కాదు. ఒక ఆదివారం, రెండు టేపులు, లెక్క వచ్చిన నలుగురు డిగ్రీ పిల్లలు. ఆడపిల్లలూ ఉంటే మరీ మంచిది, లోపలి గదుల దాకా వెళ్లగలరు. వీధిలో ఇరవై ఇళ్లు కొలిచి, కార్యాలయపు నమోదుతో పోల్చి ఒక పట్టిక తయారుచేస్తే చాలు. పక్క సందులోని హిందూ సోదరుల ఇళ్లు కూడా కొలవండి. వారి బిల్లులోనూ ఇవే తప్పులుంటాయి, అర్జీ మీద వారి సంతకాలూ ఉంటాయి.

ఇక ఖాలా ఇంటి సంగతి. కొలిచేటప్పుడు మాకు అనుకూలం కాని ఒక విషయమూ బయటపడింది. పైన కోడలి కోసం అయిదేళ్ల కిందట వేసిన 140 అడుగుల రేకుల గది నమోదులోనే లేదు. దాన్ని చెప్పాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు వాదన నడిచింది. ఎవరూ అడగలేదు కదా, మనమెందుకు చెప్పాలి అన్నాడు పెద్ద కొడుకు. అతని మాటలో లౌకిక జ్ఞానం లేకపోలేదు. చివరికి ఖాలాయే తేల్చింది, "వాళ్లు తక్కువ కొలిస్తే తప్పు, మనం తక్కువ చూపిస్తే తప్పు కాదా?" అని. అర్జీలో వాకిలి, దుకాణం, వయసుతో పాటు ఆ గదిని కూడా రాశాం. మూడుసార్లు తిరిగాం. మొదటిసారి సార్ లేరన్నారు, రెండవసారి సర్వరు లేదన్నారు. మూడవసారి ఒక యువ ఉద్యోగి స్వయంగా ఇంటికి వచ్చి టేపు వేసి, వాకిలిలో నిలబడి పైకి చూసి నవ్వి, రాసుకుని వెళ్లాడు. నాలుగు నెలలకు సవరించిన బిల్లు వచ్చింది. 2,310 రూపాయలు. ఎక్కువ కట్టిన మొత్తాన్ని తరువాతి అర్ధ సంవత్సరపు పన్నులో సర్దారు. అంతకు ముందు తొమ్మిదేళ్లది మాత్రం తిరిగి రాలేదు.

కొత్త బిల్లును ఖాలా పాత డబ్బాలోనే పెట్టింది. ఈసారి దానితో పాటు ఇంటి పటం కూడా ఉంది, మనవరాలు గీసినది, వాకిలిలో జామచెట్టుతో సహా.